ఖాళీ జాబితా, కొత్త ఎస్‌ఎస్‌డీ, వీఎండీ: రెండేళ్లకు పైగా వాడాక నా సమీక్ష

పదకొండో తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో పాత 512 జీబీ డిస్క్ తీసేసి 1 టీబీ ఎన్‌వీఎంఈ (పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో నడిచే వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ వేసుకుని రెండేళ్లు దాటింది. ఎస్‌ఎస్‌డీ గురించి రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు: వేగంగా ఉంది, ఇంతవరకూ ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఈ సమీక్షలో ఎక్కువ చోటు మాత్రం దాన్ని విండోస్ ఇన్‌స్టాలర్‌కి కనిపించేలా చేయడానికే ఇస్తున్నాను. కొత్త డిస్క్ కొన్నవాళ్లలో చాలామంది ఆగిపోయేది అక్కడే. బంగారం లాంటి డిస్క్‌ని పాడైందనుకుని వెనక్కి పంపేసేదీ అక్కడే. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కదా, విండోస్ 11కి మారుతూ పనిలో పనిగా డిస్క్ కూడా మార్చుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది.

ముందు ఆ స్క్రీన్ సంగతి. విండోస్ ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలో అడిగే చోట జాబితా ఖాళీగా ఉంటుంది. డ్రైవ్‌లేవీ కనబడలేదనీ, స్టోరేజ్ డ్రైవర్ కోసం లోడ్ డ్రైవర్ నొక్కమనీ ఒక చిన్న వాక్యం మాత్రం వస్తుంది. ఒక్కోసారి మీరు బూట్ చేసిన పెన్‌డ్రైవ్ ఒక్కటే జాబితాలో కనిపిస్తుంది. దాన్నే కొత్త డిస్క్ అనుకుని డిలీట్ కొట్టకండి, సైజు చూస్తే తెలిసిపోతుంది. ఎందుకు కనబడలేదో, ఏ డ్రైవరు కావాలో ఆ స్క్రీన్ చెప్పదు. అసలు కారణమైన వీఎండీ (దాని సంగతి కింద చెబుతాను) అనే మాట అక్కడ ఒక్కసారి కనిపించినా సగం మందికి టెన్షన్ తప్పేది.

ఈ దశలో చేయాల్సిన మొదటి పని బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ కాగానే, విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల స్క్రీన్) వెళ్లి చూడటం. అక్కడ ఎస్‌ఎస్‌డీ మోడల్ పేరు కనిపిస్తోందంటే డిస్క్ బతికే ఉంది, కరెంటు అందుతోంది, స్లాట్‌లో సరిగ్గానే కూర్చుంది. ఇక మిగిలింది డ్రైవర్ సమస్యే. బయోస్‌లోనే కనబడకపోతే అప్పుడు స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి. ఎం.2 (సన్నని బద్ద ఆకారం) డిస్క్‌ని కాస్త ఏటవాలుగా పెట్టి లోపలికి నెట్టాక, బంగారు రంగు కాంటాక్టులు దాదాపు పూర్తిగా స్లాట్‌లోకి వెళ్లిపోవాలి. ఆ తర్వాతే కిందికి వంచి స్క్రూ బిగించాలి. ఇంకో సంగతి: ఎం.2 ఆకారంలో ఉన్నవన్నీ ఒకటి కాదు. సాటా అనే పాత, నెమ్మది రకం ఎం.2 డిస్క్‌కి సాధారణంగా రెండు గాట్లు ఉంటాయి, ఎన్‌వీఎంఈ రకానికి ఎక్కువగా ఒకటే ఉంటుంది. ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకునే స్లాట్‌లో సాటా డిస్క్ పెడితే అది చక్కగా కూర్చుంటుంది కానీ బయోస్‌కి కూడా కనిపించదు. డ్రైవర్లు ఎన్ని వేసినా లాభం లేదు.

నా ల్యాప్‌టాప్‌లో బయోస్ మోడల్ పేరు స్పష్టంగా చూపించింది. కారణం వీఎండీ, అంటే వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైస్. ఇది ఇంటెల్ 2017లో జియాన్ స్కేలబుల్ సర్వర్ ప్రాసెసర్లతో తెచ్చిన ఏర్పాటు. సర్వర్ నడుస్తుండగానే డిస్క్ పీకి ఇంకోటి పెట్టడానికి, రెయిడ్ (కొన్ని డిస్క్‌లను కలిపి ఒకటిగా వాడటం) కట్టడానికి అది చాలా ఉపయోగం. 2020లో పదకొండో తరం ప్రాసెసర్లతో ల్యాప్‌టాప్‌ల్లోకీ వచ్చింది. మామూలుగా అయితే ఎన్‌వీఎంఈ డిస్క్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్‌కి కనిపిస్తుంది. దానికి కావలసిన డ్రైవర్ విండోస్‌లో 8.1 నుంచీ ఉంది. వీఎండీ ఆన్‌లో ఉంటే ఆ దారిని అది తన చేతిలోకి తీసుకుంటుంది. తలుపు వీధిలోకే ఉన్న ఇంటిని ఎవరైనా తట్టొచ్చు, ముందు గేటు కట్టి కాపలా మనిషిని కూర్చోబెడితే అతనితో మాట్లాడగలిగినవాళ్లే లోపలికి వెళ్తారు. ఇన్‌స్టాలర్‌కి కాపలా మనిషి కనిపిస్తున్నాడు, అతని భాష మాత్రం రాదు. ఆ భాషే మనం ఎక్కించాల్సిన డ్రైవర్.

నేను మొదట పట్టుకున్న దారి అదే. ఇందులో చిక్కు డౌన్‌లోడ్ దగ్గర వస్తుంది. నా ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీలో ఈ డ్రైవర్ ఈఎక్స్‌ఈ రూపంలోనే ఉంది. అది నడుస్తున్న విండోస్‌లో డబుల్ క్లిక్ చేసుకోవడానికి పనికొస్తుంది. ఇన్‌స్టాలర్ మధ్యలో లోడ్ డ్రైవర్ నొక్కి దాన్ని చూపిస్తే ఏమీ కనిపించదు, ఎందుకంటే అది వెతికేది డ్రైవర్ వివరాలుండే ఐఎన్‌ఎఫ్ ఫైలు కోసం. కొత్త డిస్క్ వేసుకునేవాడికి విండోస్ ఇంకా ఉండదు కదా, ఈ ముక్క ఆ పేజీలో రాసి ఉండాల్సింది. ఇంటెల్ వాళ్ల రాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ (ఆర్‌ఎస్‌టీ) సెటప్ ఫైలు తీసుకుని, ఇంకో కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఆ ఫైలు పేరు పక్కన హైఫన్ పెట్టి ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అని కలిపి కొట్టి, ఒక ఫోల్డర్ పేరు ఇస్తే లోపలి ఫైళ్లు బయటికొస్తాయి. అందులో ఐఎన్‌ఎఫ్, ఎస్‌వైఎస్, క్యాట్ ఫైళ్లు ఉన్న ఫోల్డర్‌ని మొత్తంగా విండోస్ పెన్‌డ్రైవ్‌లోకే కాపీ చేసుకోవాలి. ఒక్క ఐఎన్‌ఎఫ్ ఫైలే తీసుకుంటే చాలదు. మీ ప్రాసెసర్ తరానికి సరిపోయే వెర్షనేనా అన్నది డౌన్‌లోడ్ పేజీలోనే చూసుకోండి.

ఆ తర్వాత లోడ్ డ్రైవర్, బ్రౌజ్, ఆ ఫోల్డర్, ఓకే. జాబితాలో ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ వీఎండీ కంట్రోలర్ అని వస్తుంది, చివర ఒక నంబరు ఉంటుంది. నా పదకొండో తరానికి 9ఏ0బీ. పన్నెండో తరానికి 467ఎఫ్, పదమూడో తరం ల్యాప్‌టాప్‌లకు ఏ77ఎఫ్. ఈ కంప్యూటర్‌కి సరిపోని డ్రైవర్లు దాచు అనే టిక్ అలాగే ఉంచితే సరైనదే మిగులుతుంది. నెక్స్ట్ నొక్కాక కాసేపు చుక్కలు తిరిగి, ఖాళీ జాబితాలో డ్రైవ్ 0, అన్‌అలొకేటెడ్ స్పేస్, 931.5 జీబీ అని ఒక వరస వచ్చింది. 1 టీబీ కొంటే 931 ఏమిటని కంగారు పడొద్దు. కంపెనీలు వెయ్యి లెక్కన కొలుస్తాయి, విండోస్ 1024 లెక్కన చూపిస్తుంది, అంతే తేడా. కొత్త డిస్క్‌కి ముందే పార్టిషన్లు చేయనక్కర్లేదు. ఆ ఖాళీ స్థలాన్ని ఎంచుకుని నెక్స్ట్ కొడితే కావలసినవన్నీ ఇన్‌స్టాలరే చేసుకుంటుంది.

ఇలా వీఎండీ ఆన్‌లో ఉంచి ఏడాదికి పైగా వాడాను. విండోస్ నడుస్తున్నంతసేపూ ఏ ఫిర్యాదూ లేదు. ఇబ్బందల్లా బయటి నుంచి బూట్ చేసినప్పుడు. బ్యాకప్ తీయడానికి నా దగ్గరున్న రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే మళ్లీ అదే ఖాళీ జాబితా. విండోస్ పెన్‌డ్రైవ్‌తో రిపేర్‌కి వెళ్లినా ముందు డ్రైవర్ ఎక్కించాల్సిందే. విండోస్ చెడిపోయిన రోజున, పని ఆగిపోయి ఉన్నప్పుడు, ఈ అదనపు మెట్టు ఎక్కే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే ఆఫ్ చేసేశాను.

ఇక్కడ మాత్రం జాగ్రత్త. విండోస్ ఉన్న ల్యాప్‌టాప్‌లో వీఎండీని నేరుగా ఆఫ్ చేస్తే, బూట్ డివైస్ అందడం లేదంటూ క్రాష్ స్క్రీన్ రావచ్చు. డిస్క్‌కి విండోస్ వేసే తాళం, అంటే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ కూడా అడగొచ్చు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి ఆ 48 అంకెల కీని ముందే రాసి పెట్టుకోండి, బిట్‌లాకర్‌ని తాత్కాలికంగా సస్పెండ్ చేయండి. తర్వాత సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో బూట్ ట్యాబ్‌కి వెళ్లి సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ అవుతుండగా బయోస్‌లోకి వెళ్లి వీఎండీ ఆఫ్ చేసి, సేఫ్ మోడ్‌లోకి రానివ్వాలి. అక్కడ విండోస్ మామూలు ఎన్‌వీఎంఈ డ్రైవర్‌కి మారుతుంది. టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేస్తే అయిపోయినట్టే. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, అకౌంట్ అసలు పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి. నాకు మళ్లీ ఇన్‌స్టాల్ చేసే పని పడలేదు, ఒక్క ఫైలూ పోలేదు.

ఆఫ్ చేశాక ఇన్ని నెలల్లో తేడా ఏమిటని అడిగితే, రోజువారీ పనిలో ఏమీ లేదు. డిస్క్ వేగం కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌లో అంకెలు అంతకుముందు వచ్చినట్టే వస్తున్నాయి, బ్యాటరీ కూడా అంతే నిలుస్తోంది. రెస్క్యూ పెన్‌డ్రైవ్‌కి మాత్రం డిస్క్ వెంటనే కనిపిస్తోంది. ఒకే డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌లో వీఎండీ వల్ల నాకు ఒరిగిందేమీ లేదు. కాబట్టి కొత్త డిస్క్‌లో మొదటి నుంచీ విండోస్ వేసుకునేవాళ్లు ఇన్‌స్టాల్ మొదలుపెట్టే ముందే బయోస్‌లో వీఎండీ ఆఫ్ చేసుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. డ్రైవర్ గొడవే ఉండదు. అయితే అన్ని బయోస్‌లలో ఆ ఆప్షన్ కళ్లెదుట ఉండదు. ఏసర్ మోడళ్లు కొన్నింటిలో మెయిన్ ట్యాబ్‌లో ఉండి కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితేనే బయటపడుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో అసలే ఉండదు, వాళ్లకు డ్రైవర్ దారే గతి.

మా బావమరిదిది పన్నెండో తరం ల్యాప్‌టాప్. రాత్రి పూట ఫోన్ చేశాడు.

"బావా, కొత్త ఎస్‌ఎస్‌డీ పోయినట్టుంది. షాపులో అడిగితే డెడ్ పీసు, పంపించేయమన్నారు."

"బయోస్‌లో పేరు కనిపిస్తోందా?"

"ఆ, కనిపిస్తోంది."

"అయితే పంపకు. ఫోల్డర్ ఒకటి పంపుతాను, పెన్‌డ్రైవ్‌లో వేసుకో."

అతనిది ఆఫ్ చేసే ఆప్షన్ లేని బయోస్. 467ఎఫ్ డ్రైవర్ ఎంచుకున్నాడు, డిస్క్ కనిపించింది. ఆ "డెడ్ పీసు" మీదే ఇప్పటికీ ఆఫీసు పని చేసుకుంటున్నాడు.

డిస్క్ కనిపించినా ఇన్‌స్టాల్ కాని సందర్భం ఒకటుంది. పాత కంప్యూటర్‌లోంచి తీసిన డిస్క్ వేస్తే, దానికి ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్ ఉంది, ఈఎఫ్ఐ సిస్టమ్‌లో జీపీటీ డిస్క్ మీదే విండోస్ వేయగలం అని వస్తుంది. డిస్క్‌లోని భాగాల పట్టిక రాసే పాత పద్ధతి ఎంబీఆర్, కొత్తది జీపీటీ. షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి, డిస్క్‌పార్ట్ తెరిచి, లిస్ట్ డిస్క్‌తో సైజు చూసి సరైన డిస్క్ సెలెక్ట్ చేసి, క్లీన్, కన్వర్ట్ జీపీటీ కొడితే సరిపోతుంది. క్లీన్ కొట్టాక అందులో ఉన్నదంతా పోతుంది, కాబట్టి డిస్క్ నంబరు రెండుసార్లు చూసుకోండి.

లినక్స్ వాడేవాళ్లకు ఈ తలనొప్పి తక్కువ. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో వీఎండీ డ్రైవర్ చాలాకాలంగా ఉంది, కాబట్టి ఈమధ్య వచ్చిన ఉబుంటు అయితే వీఎండీ ఆన్‌లో ఉన్నా డిస్క్ కనిపిస్తుంది. పదో తరం, అంతకుముందు ల్యాప్‌టాప్‌ల కథ వేరు. వాటిలో స్టోరేజ్ మోడ్ ఆర్‌ఎస్‌టీ అనో రెయిడ్ అనో ఉంటే ఎన్‌వీఎంఈ డిస్క్ లినక్స్ ఇన్‌స్టాలర్‌కి కనిపించకపోవచ్చు. ఉబుంటు అయితే ఆర్‌ఎస్‌టీ ఆఫ్ చేసి రమ్మని తనే చెబుతుంది. బయోస్‌లో ఆ స్టోరేజ్ మోడ్‌ని ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మార్చాలి, మార్చే ముందు విండోస్ ఉంటే పైన చెప్పిన సేఫ్ మోడ్ పద్ధతే ఇక్కడా.

రెండు ఎన్‌వీఎంఈ డిస్క్‌లు పెట్టి రెయిడ్ కట్టుకునేవాళ్లు మాత్రం నా మాట విని వీఎండీ ఆఫ్ చేయొద్దు. ఆ రెయిడ్ నడిచేది దాని మీదే, ఆఫ్ చేస్తే విండోస్‌కి రెండు డిస్క్‌లు విడివిడిగా కనిపిస్తాయి, రెయిడ్ వాల్యూమ్ కనబడదు. అలాంటివాళ్లు డ్రైవర్ ఫోల్డర్‌ని విండోస్ పెన్‌డ్రైవ్‌లో శాశ్వతంగా ఉంచుకోండి. పెన్‌డ్రైవ్‌ని కొత్త ఐఎస్ఓతో (విండోస్ ఇన్‌స్టాలర్ ఫైలుతో) మళ్లీ తయారుచేసిన ప్రతిసారీ అది చెరిగిపోతుంది కాబట్టి ఇంకో చోట కూడా ఒక కాపీ పెట్టుకోండి.