అప్‌స్టెయిర్స్ లౌంజ్, న్యూ ఆర్లీన్స్: కాలిపోయిన బారుపై సమీక్ష

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో, ఫ్రెంచ్ క్వార్టర్‌లో చార్టర్స్, ఐబర్‌విల్ వీధులు కలిసే మూల మీద, మూడంతస్తుల భవనపు మధ్య అంతస్తులో 1970 నుంచి 1973 వరకు నడిచిన గే బారు అప్‌స్టెయిర్స్ లౌంజ్. ఇప్పుడది లేకపోయినా, ఏ బారునైనా మనం చూసే తీరులోనే దీన్నీ చూడాలి: ఎవరిని రానిచ్చింది, ఎలా ఆదరించింది, ఎంత క్షేమంగా తిరిగి ఇంటికి పంపింది?

ఆదరణ విషయంలో దీనికి వంక పెట్టలేము. న్యూ ఆర్లీన్స్ ఉన్న లూసియానా రాష్ట్రంలో స్వలింగ సంబంధం నేరంగా ఉన్న రోజుల్లో, యజమాని ఫిల్ ఎస్టేవ్, బార్‌టెండర్ బడ్డీ రాస్ముసెన్ కలిసి దీన్ని శ్రామికులు, సైన్యంలో పనిచేసి వచ్చినవారు నిర్భయంగా కూర్చునే చోటుగా తీర్చారు. పియానో చుట్టూ చేరి అందరూ పాడుకునేవారు. ఒక గదిలో సరదా నాటకాలు వేసేవారు. ఏ చర్చీ దరిచేరనివ్వని ఈ మనుషులను అక్కున చేర్చుకున్న మెట్రోపాలిటన్ కమ్యూనిటీ చర్చి కొంతకాలం ఆ గదిలోనే ప్రార్థనలు జరుపుకుంది. ఆదివారం సాయంత్రాలు బీరు చౌకగా దొరికేది. అయితే ఆ గదులకు జనాన్ని రప్పించింది బీరు ఒక్కటే కాదని నా నమ్మకం.

లోపమంతా భద్రతలోనే ఉంది, అది క్షమించరానిది. పైకి రావడానికి ఉన్నది చెక్కమెట్ల దారి ఒక్కటే; కిటికీలకు ఇనుప ఊచలు; వెనుక అత్యవసర ద్వారం ఉన్నా దాన్ని సూచించే గుర్తు స్పష్టంగా లేదు. 1973 జూన్ 24న, ఆదివారం రాత్రి ఎనిమిది కావస్తుండగా ఎవరో ఆ మెట్ల మీద లైటర్ ద్రవం పోసి నిప్పంటించారు. తలుపు తెరవగానే మంటలు లోపలికి దూసుకొచ్చాయి. వెనుక ద్వారం తెలిసిన రాస్ముసెన్ సుమారు 20 మందిని పక్క భవనాల పైకప్పుల మీదుగా దాటించారు. మెట్రోపాలిటన్ కమ్యూనిటీ చర్చి పాస్టర్ బిల్ లార్సన్ కిటికీ ఊచల మధ్య ఇరుక్కుని మరణించారు. మొత్తం 32 మంది చనిపోగా, ఆ నేరానికి ఎవరికీ శిక్ష పడలేదు.

నగరం వ్యవహరించిన తీరు బారు లోపాల కన్నా ఘోరం. ప్రభుత్వం సంతాపదినం పాటించలేదు, పలు చర్చిలు అంత్యక్రియలకు నిరాకరించాయి. అక్కడ స్మారక ఫలకం 2003లో గానీ వెలవలేదు. నగర మండలి క్షమాపణ చెప్పడానికి 2022 దాకా పట్టింది. మృతులలో రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన సైనికుడొకరిని పేదల శ్మశానంలో పేరు లేని సమాధిలో పాతిపెట్టారు; దశాబ్దాల తర్వాత విషయం తెలిసి కుటుంబం వెతికితే ఆ సమాధి జాడ దొరకలేదు. దాన్ని కనుగొని, ఆయనను సొంతవారికి అప్పగించనంత కాలం ఆ క్షమాపణను నేను సంపూర్ణమైనదిగా అంగీకరించలేను.