అకిలెస్ తెగాక వాడిన వాకింగ్ బూటు

షటిల్ ఆడుతుంటే వెనకనుంచి ఎవరో పిక్క కింద తన్నినట్టయింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. అకిలెస్ టెండన్, అంటే పిక్కను మడమ ఎముకకు కలిపే గట్టి తాడులాంటి స్నాయువు, తెగింది. ఆపరేషన్ లేకుండా 10 వారాలు, పాదాన్నీ చీలమండనూ కదలకుండా పట్టి ఉంచే ఈ బూటులోనే గడిపాను.

మడమను ఎత్తి ఉంచేందుకు దాని కింద పెట్టే 3 ముక్కలే ఈ బూటు అసలు బలం. పాదం కిందికి వంగి ఉంటే తెగిన కొసలు దగ్గరగా ఉంటాయి. ఫిజియో చెప్పినప్పుడల్లా ఒక్కో ముక్క తీసేయాలి. ముక్క తీసిన ప్రతిసారీ రెండు రోజులు టెన్షనే.

వెల్‌క్రో మాత్రం ఆరో వారానికే దుమ్ము పట్టి ఊడిపోసాగింది. పాత టూత్‌బ్రష్‌తో దువ్వితే మళ్లీ అతుక్కుంది. బూటు ఎత్తు వల్ల నడుము పట్టేసింది కూడా. రెండో కాలికి మందపాటి షూ వేసుకోమని డబ్బా మీద రాస్తే ఏం పోయేది? రాత్రి దాంతోనే పడుకోవాలి, దుప్పటి సంగతి అడగకండి.

ఇప్పుడు ఒంటికాలి మీద మడమ 4 సార్లు లేపగలుగుతున్నాను.