మూడేళ్ల ఇస్లామిక్ స్కూల్: ఖాఫ్ వచ్చింది, ళ పోయింది

మా పాప హైదరాబాద్‌లో టోలీచౌకి వైపు ఒక ఇస్లామిక్ ఇంగ్లీష్ మీడియం స్కూల్లో 2022 జూన్ నుంచి చదువుతోంది. ఒకటో తరగతిలో చేర్చాం, 2025 ఏప్రిల్‌తో మూడోది అయింది. ఇందులో ఎక్కువగా ఆఖరి టర్మ్ గురించే రాస్తాను. సంక్రాంతి సెలవుల తర్వాత మొదలై 2025 ఏప్రిల్ 23తో ముగిసింది. రంజాన్ నెల సరిగ్గా దాని మధ్యలో పడింది. ఇలాంటి స్కూల్ అసలు తీరు రంజాన్‌లోనే బయటపడుతుంది. స్కూల్ పేరు మాత్రం అడగొద్దు. మెచ్చుకునేవి ఉన్నాయి, తిట్టేవీ ఉన్నాయి, పిల్ల ఇంకా అక్కడే చదువుతోంది.

ముందు మా సంగతి కొంచెం చెప్పాలి. మాది నరసరావుపేట. ముస్లింలమే అయినా ఇంట్లో తెలుగే. మా ఆయన ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చాం. నమాజులో చదివే సూరాలు (ఖురాన్ అధ్యాయాలు) నేను తెలుగు లిపిలో అచ్చేసిన చిన్న పుస్తకం చూసి నేర్చుకున్నా. మా వైపు నాలాంటి వాళ్లు చాలామందే. అందులో ఉన్న తిరకాసు ఏంటంటే, తెలుగులో "హ" ఒకటే. అరబీలో రెండు: ఒకటి గొంతు అడుగు నుంచి, ఇంకోటి గొంతు మధ్య నుంచి రావాలి. మనం "స" అని రాసే చోట అక్కడ మూడు వేర్వేరు అక్షరాలు ఉంటాయి. జే, జాల్, జాద్, జోయ్ అన్నీ మన "జ"లోనే సర్దుకుపోతాయి. ముప్పై ఏళ్లు నేను అలాగే చదివాను. తప్పని చెప్పినవాళ్లు లేరు.

పిల్లకైనా సరిగ్గా రావాలన్నది స్కూల్ వెతకడానికి మొదటి కారణం. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇచ్చిన ప్రతి రూపాయీ గిట్టింది.

ఖురాన్ క్లాసు రోజూ 40 నిమిషాలు. సెక్షన్ మొత్తాన్ని ఒకచోట కూర్చోబెట్టి కోరస్ పాడించరు. పదీ పన్నెండు మంది బ్యాచ్, ఒక్కో పిల్ల వంతు వచ్చినప్పుడు ఆపా (ఖురాన్ టీచరమ్మ) ముందుకు వెళ్లి చదవాలి. మొదటి ఏడాది అంతా నూరానీ ఖాయిదాయే (అరబీ అక్షరాలు, వాటి పలుకు నేర్పే మొదటి పుస్తకం). పక్కింటి వాళ్ల అబ్బాయి వేరే చోట అప్పటికే సూరాలు అప్పజెబుతుంటే మా పిల్ల ఇంకా అలిఫ్, బా దగ్గరే ఉంది. నాకు టెన్షన్ పట్టుకుని వెళ్లి అడిగాను. ఆపా నవ్వి, "మీ పాపకు తప్పు అలవాటు లేదు, అదే మేలు. ఇక్కడి పిల్లలకు ఖాఫ్‌ను తప్పుగా పలకడం మాన్పించి మళ్లీ నేర్పాల్సి వస్తోంది" అంది. నిజమే, ఖాఫ్ నాలుక వెనక భాగంతో పలికే అరబీ అక్షరం. హైదరాబాద్ ఉర్దూలో ఖాఫ్‌ను అందరూ "ఖ" అనే పలుకుతారు. తెలుగులో మనం రాసేదీ "ఖురాన్" అనే కదా.

ఒకరోజు రాత్రి నేను ఇషా నమాజు ముగించేసరికి పిల్ల వచ్చి ఎదురుగా కూర్చుంది. "అమ్మీ, నువ్వు కుక్క అంటున్నావు" అంది. (చేరిన నెలకే "అమ్మా" పోయి "అమ్మీ" వచ్చింది, అది వేరే కథ.) నాకర్థం కాలేదు. కాఫ్‌తో (మన "క") "కల్బ్" అంటే కుక్క, ఖాఫ్‌తో అంటే గుండె. దువాలో నేను గుండె అనబోయి కుక్క అంటున్నానట. చిన్న చెయ్యి నా గొంతు మీద పెట్టి, "నాలుక చివర కాదు, వెనక. ఇంకా వెనక. మింగేటప్పుడు ఎక్కడ తగులుతుందో అక్కడ" అని చెప్పింది. ఆరోజు పది నిమిషాలు నాకు అదే పని. వంటింట్లోంచి మా ఆయన, "ఎవరికైనా గొంతులో ముల్లు ఇరుక్కుందా?" అని అరిచాడు. ఇప్పటికీ నాకు పదిసార్లకు మూడుసార్లే సరిగ్గా వస్తుంది. పిల్లకు పదీ వస్తాయి.

ఈ టర్మ్ మొదలయ్యేసరికి ఫీల్ నుంచి నాస్ దాకా చివరి పది సూరాలు నోటికి వచ్చాయి. టర్మ్ ముగిసేసరికి ఇంకో మూడు కలిశాయి, తకాసుర్ దాకా. ఆరు అనుకున్నారు, రంజాన్‌లో సగమే అయింది. అర్థం దగ్గర మాత్రం లోటు ఉంది. వివరమంతా ఉర్దూలోనే చెబుతారు, అదీ కాస్త బరువైన ఉర్దూ. మా పిల్ల తల ఊపి ఇంటికొచ్చి నన్నడుగుతుంది. నేను తెలుగు అనువాదం తీసి వెతుకుతాను. ఇంట్లో ఉర్దూ ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది ఉండదు.

యాక్టివిటీలు చాలా స్కూళ్లలో పెద్దవాళ్లు చార్టులు చేసిచ్చే పండగలు. ఇక్కడ రెండు మూడు మాత్రం నిజంగా పిల్లలు చేసినవే. ఫిబ్రవరిలో వుజూ (నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవడం) పోటీ పెట్టారు. ప్రవక్త ఒక ముద్ద్ నీళ్లతో వుజూ చేసేవారని హదీసు, అంటే ముప్పావు లీటరుకు కాస్త తక్కువ. ఒక్కొక్కరికీ ఒక సీసా, ఒక మగ్గు. మొత్తం వుజూ అందులోనే ముగించాలి, కాళ్ల దాకా నీళ్లు మిగలాలి. మా పిల్లకు మొదటిసారి మోచేతుల దగ్గరే అయిపోయాయి. ఇంటికొచ్చి మూడు రోజులు బాత్‌రూంలో ప్రాక్టీస్ చేసింది. ఆ మూడు రోజుల్లో పోయిన నీళ్లతో ముగ్గురం స్నానం చేయొచ్చు. కానీ అప్పట్నుంచీ నేను కుళాయి తిప్పి వుజూ చేస్తుంటే వెనక నుంచి చెయ్యొచ్చి కుళాయి సగం కట్టేస్తుంది.

సాలార్‌జంగ్ మ్యూజియం తీసుకెళ్లారు. అక్కడ యాఖూత్ అల్ ముస్తాసిమీ రాసిన ఖురాన్ ప్రతి ఉంది. జహంగీర్, షాజహాన్, ఔరంగజేబు ముగ్గురి సంతకాలూ దాని మీద ఉన్నాయి. పిల్లలకు అదే చూపించాలని టీచర్లు వారం ముందు నుంచి కథలు చెప్పారు. మా పిల్ల వచ్చి చెప్పింది మాత్రం గడియారంలోంచి బయటికొచ్చి గంట కొట్టే బొమ్మ గురించి. "ముగ్గురు రాజులు ఏమైనా రాశారా" అంటే, "ఆఁ, లైబ్రరీ పుస్తకం మీద పేరు రాసినట్టు" అంది.

సంగీతం లేదు. నాత్‌లు, నషీద్‌లు (భక్తి గీతాలు) గొంతుతోనే. డ్రాయింగ్‌లో పూలు, మినార్లు, జామెట్రీ డిజైన్లు బాగా నేర్పుతారు, మనుషుల బొమ్మలు గీయనివ్వరు. ఇవన్నీ అడ్మిషన్ రోజే చెప్పారు కాబట్టి నాకు ఫిర్యాదు లేదు. ఆటస్థలం లేదన్నది మాత్రం చెప్పలేదు. టెర్రస్ మీద వల కట్టి దాన్నే గ్రౌండ్ అంటారు.

ఇక రంజాన్. 2025లో మార్చి 2న మొదటి రోజా (ఉపవాసం). రంజాన్ మొదలవగానే స్కూల్ ఒక పూటకు మారింది. మిగతా ఊరంతా ఒంటిపూట బడులు మార్చి 15న మొదలుపెడితే మాకు రెండు వారాల ముందే వచ్చేశాయి. ఇంటి దగ్గర ఉండేవాళ్లకు హాయి, ఉద్యోగం చేసే తల్లులకు కష్టం. ఆఫీసులో పర్మిషన్ అడిగీ అడిగీ నా ముఖం అరిగిపోయింది.

గోడ మీద ఒక చార్టు పెట్టారు. పిల్లల పేర్లు, పక్కన గడులు, రోజా ఉన్నరోజు బంగారు రంగు నక్షత్రం. మధ్యాహ్నం దాకా ఉండే చిడియా రోజాకు వెండి నక్షత్రం. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. రెండో వారంలో ఒకరోజు మా పిల్ల ఇంటికొచ్చి మంచం కింద దూరి బయటికి రానంది. బతిమాలి లాగితే చెప్పింది: బాత్‌రూంలో దోసిలితో నీళ్లు తాగేసిందట, ఆ తర్వాత క్లాసుకొచ్చి బంగారు నక్షత్రమే అంటించుకుందట. "అల్లాహ్ చూశాడు కదా అమ్మీ" అని ఏడుపు. ఎనిమిదేళ్ల పిల్ల. యుక్తవయసు వచ్చేదాకా రోజా బాధ్యతే కాదని ఆ స్కూల్ పుస్తకంలోనే ఉంది. మరుసటి రోజు వెళ్లి గట్టిగానే మాట్లాడాను. మొదట, "పిల్లలకు ఉత్సాహం కోసం మేడమ్" అన్నారు. నక్షత్రం కోసం అబద్ధం నేర్చుకుంటే ఆ ఉత్సాహం ఎందుకని అడిగాను. ప్రిన్సిపల్ మాట్లాడలేదు, రాసుకున్నారు. మూడు రోజుల్లో చార్టు తీసేశారు. దాని చోట ఇంకోటి వచ్చింది: ఇవాళ ఇంట్లో ఎవరికి ఏ పనిలో సాయం చేశారో రాయాలి. దానికి నక్షత్రాల్లేవు. తల్లిదండ్రుల మాట విని మార్చుకున్న సందర్భం మూడేళ్లలో నేను చూసింది ఇదొక్కటే, అయినా లెక్కలో వేయాల్సిందే.

అదే నెలలో లెక్కల టీచర్ జకాత్‌తో (ముస్లింలు ఏటా తప్పక ఇవ్వాల్సిన దానం) భాగహారం చెప్పింది. రెండున్నర శాతం అంటే మూడో తరగతికి అర్థం కాదు, నలభయ్యో వంతు అంటే అవుతుంది. ఈ ఐడియా నాకు బాగా నచ్చింది. నలభై గోళీలు పోసి ఒకటి పక్కన పెట్టించింది. పండగ మార్చి 31న. మా పిల్లకు ఈదీ (పండగ కానుక) 1,200 రూపాయలు వచ్చాయి. సాయంత్రానికి 30 రూపాయలు కవర్లో పెట్టి నా చేతికిచ్చింది. "నీకు జకాత్ ఉండదే, 52న్నర తులాల వెండి విలువైనా ఉండాలి, అదీ ఏడాది పాటు" అన్నాను. "అయితే సద్‌ఖా (ఇష్టంగా ఇచ్చే దానం) అనుకో" అంది. కాసేపాగి, "నీ గాజులకు ఇచ్చావా?" అంది. ఆ ఏడాది నేనింకా లెక్క వేయలేదు. ఆ రాత్రే వేశాను.

ఇప్పుడు అసలు బాధ. తెలుగు.

తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు స్కూల్లోనైనా తెలుగు చెప్పాలి. 2018-19లో ఒకటి, ఆరు తరగతులతో మొదలైంది. మా స్కూల్లోనూ టైంటేబుల్లో ఉంది. వారానికి మూడు పీరియడ్లు. చెప్పే మిస్ ఉర్దూలో తెలుగు చెబుతుంది. బోర్డు మీద జవాబు రాస్తుంది, పిల్లలు ఎక్కించుకుంటారు, పరీక్షలో అదే దించుతారు. మా పిల్లకు 50కి 46. కూరగాయల బండి మీద "తాజా పండ్లు" అని రాసుంటే చదవలేదు. మూడేళ్లలో ముగ్గురు తెలుగు టీచర్లు మారారు. జీతం చాలక వెళ్లిపోతారని ఆఫీసులో అబ్బాయే చెప్పాడు.

ఇంట్లో మాట్లాడతాం కదా, ఏం పోతుందిలే అనుకున్నాను. నోరు మారిపోయిందని రంజాన్‌లో వీడియో కాల్‌లో తెలిసింది. పిల్ల తన కొత్త దుస్తులు నానమ్మకు చూపించాలని, "నానమ్మా, కల్లు మూసుకో" అంది. మా అత్తమ్మ ఉలిక్కిపడి, "రంజాన్ నెలలో కల్లు పేరెత్తుతావేంటే!" అంది. పిల్లకు అర్థం కాలేదు, మళ్లీ అదే మాట, ఇంకా గట్టిగా. "కళ్లు" అని నేను పలికి చూపిస్తే, "అదే కదా నేనన్నది, కల్లు" అంటోంది. కల, కళ ఒకటే. వాని, వాణి కూడా ఒకటే. క్లాసులో పిల్లలు, టీచర్లు, బస్సు డ్రైవర్, అందరి నోటా ఉర్దూయే. ఉర్దూలో "ళ" లేదు, "ణ" లేదు. రోజుకు ఏడు గంటలు వినని శబ్దం నోట్లో ఎంతకాలం ఉంటుంది? ఖాఫ్ కోసం ఏడాది ఓపిక పట్టిన స్కూల్, "ళ" కోసం ఒక్క పీరియడ్ పట్టలేదు.

పీటీఎంలో (తల్లిదండ్రుల మీటింగ్) ఇదే అడిగాను. "ఇంట్లో నేర్పండి మేడమ్" అన్నారు. అరబీ కూడా ఇంట్లోనే నేర్పుకోగలిగితే మీ దగ్గరికెందుకు వస్తానని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను.

మిగతా సబ్జెక్టులు త్వరగా చెప్పేస్తాను. ఇంగ్లీష్ బాగుంది. లెక్కలు టీచర్‌ను బట్టి, ఈ ఏడాది అదృష్టం బాగుంది. సైన్స్ మొత్తం పుస్తకమే, గింజ మొలకెత్తించడం కూడా బొమ్మలో చూపించారు. మాకు ఫీజు 42 వేలు అయింది, బస్సు, పుస్తకాలు, యూనిఫాం స్కార్ఫ్ వేరు. చేర్చాలనుకునేవాళ్లకు ఒక మాట: బ్రోచర్లో "సీబీఎస్ఈ కరికులం" అని ఉంటే గుర్తింపు కాపీ చూపించమని అడగండి. ఆ పుస్తకాలు చెప్పడం వేరు, ఆ బోర్డు గుర్తింపు ఉండడం వేరు. మాది స్టేట్ గుర్తింపని రెండో ఏడాది తెలిసింది. అలాగే ఖురాన్ బ్యాచ్‌లో ఎంతమందో కళ్లారా చూసి రండి. ఇంట్లో తెలుగు మాత్రమే ఉంటే, తెలుగు పని మీదేనని ముందే తెలిసి చేర్చండి. ఖురాన్ చదువుకు నేను అయిదుకు అయిదు ఇస్తాను. తెలుగుకు ఒకటి, అదీ టైంటేబుల్లో ఉన్నందుకు.

పరీక్షలు ఏప్రిల్ రెండో వారంలో మొదలయ్యాయి. అవి ముగిశాక పిల్లను వేసవికి నరసరావుపేట పంపాను. మా అత్తమ్మ రోజూ మధ్యాహ్నం అరుగు మీద కూర్చోబెట్టి "ళ" నేర్పించింది. "నాలుక మడిచి పైన అంటించవే" అంటే, "ఏ మఖ్రజ్ (అక్షరం పుట్టే చోటు) నానమ్మా, చూపించు" అని పిల్ల ఆవిడ నోట్లోకి తొంగి చూసేదట. ఆవిడకు ముందు పళ్లు రెండు లేవు, అందుకే బాగా కనిపిస్తోందని ఫోన్లో చెప్పింది. జూన్ మొదటి వారానికి "కళ్లు" వచ్చింది. "వాణి" ఇంకా రాలేదు. బదులుగా మా అత్తమ్మకు ఖాఫ్ నేర్పింది, ఆవిడకు నాకంటే బాగా వస్తోంది.

జూన్ 12న మళ్లీ అదే స్కూల్‌కు పంపాను. మొదటి టర్మ్ ఫీజు కడుతూ ఈ ఏడాది తెలుగు టీచర్ ఎవరని కౌంటర్లో అడిగాను. "ఇంకా చూస్తున్నాం మేడమ్" అన్నారు.