గుండె కుడివైపు ఉన్న నాకు విజయవాడలో దొరికిన వైద్యం

నా గుండె కుడివైపు ఉంటుంది. కాలేయం, అపెండిక్స్ ఎడమవైపు. వైద్యులు దీన్ని సైటస్ ఇన్వర్సస్ అంటారు. సుమారు 10,000 మందిలో ఒకరు ఇలా పుడతారు. పెళ్లయి 6 ఏళ్లయినా పిల్లలు కలగక, గుంటూరు నుంచి విజయవాడ సూర్యారావుపేటలోని ఒక సంతాన సాఫల్య కేంద్రానికి 8 నెలలుగా వస్తున్నాను.

అంతకు ముందు చూపించుకున్న చోట, నేను చెబుతున్నా వినకుండా, ఫిల్ము తిరగబడిందని మళ్లీ ఎక్స్‌రే తీశారు. అది చూసి మా అత్తయ్య "లోపలంతా తారుమారైతే కడుపెలా పండుతుంది?" అన్నారు. ఆ మాట చాలాకాలం నన్ను నిద్రపోనివ్వలేదు.

ఇక్కడ డాక్టరుగారు మొదట అడిగింది నా ముక్కు గురించి. "చిన్నప్పటి నుంచి జలుబు, కళ్లెతో దగ్గు ఉన్నాయా అమ్మా?" ఉన్నాయి. మిర్చి యార్డు దగ్గర పెరిగాను కదా, ఘాటు పడటం లేదని ఇంట్లో అనుకునేవారు.

ఆవిడ చీటీ వెనక్కి తిప్పి ఒక గొట్టం గీశారు. లోపల సన్నటి వెంట్రుకల్లాంటి గీతలు. అవి శైలికలట. ఊపిరితిత్తుల నుంచి కళ్లెను పైకి నెట్టేవీ, అండాన్ని గర్భసంచి వైపు నడిపేవీ అవే. పిండంలో కుడిఎడమలు కుదరడానికీ వాటి కదలికే ఆధారం. అవి పుట్టుకతోనే సరిగా కదలనివారిలో దాదాపు సగం మందికి అవయవాలు ఇలా తారుమారవుతాయి. విడవని జలుబు, కళ్లె దగ్గు, తారుమారైన అవయవాలు కలిసి ఉండటాన్ని 1933లో కార్టజెనర్ అనే వైద్యుడు వివరించారు. "గుండె కుడివైపు ఉన్నందువల్ల సంతానం ఆగదు. శైలికలు కదలకపోతే కష్టం, గర్భం అండం నడిచే ట్యూబులోనే నిలిచే ప్రమాదమూ ఉంటుంది" అన్నారు. జన్యు పరీక్షలో నాకు శైలికల లోపమే ఉందని తేలింది. ట్యూబులతో పనిలేకుండా ఐవీఎఫ్, అంటే అండాన్ని బయట ఫలదీకరించి పిండాన్ని గర్భసంచిలో పెట్టే పద్ధతి, చేద్దామన్నారు. ఆ చీటీ అడిగి తెచ్చుకుని అత్తయ్యకు చూపించాను.

అండాలు తీయడానికి ముందు మత్తు డాక్టరు నా దగ్గు విని, ఛాతీ వైద్యుడికి చూపించుకుని రమ్మని నెల ఆపారు. అప్పుడు విసుక్కున్నాను కానీ ఆయన చేసింది సరైన పని. ఆ రోజు నర్సమ్మ ఈసీజీ బిళ్లలు అడగకుండానే కుడివైపు అంటించింది. నా ఫైలు అట్టమీద ఎర్ర సిరాతో "గుండె కుడివైపు" అని ఉంది.

లోపాలూ ఉన్నాయి. 11 గంటల టోకెనుకు 2 దాటాక పిలుస్తారు. కుర్చీలు చాలవు. గట్టిగా అడిగితే తప్ప ఖర్చుల వివరం కాగితం మీద రాసివ్వరు.

పిండాన్ని వచ్చే నెలలో గర్భసంచిలో ప్రవేశపెడతారు. నాలాంటివారు వెళితే పాత ఎక్స్‌రేలు తీసుకెళ్లండి, దగ్గు సంగతి దాచకండి, ఫైలు మీద ఆ ఎర్ర అక్షరాలు రాయించుకోండి.