బెండుతో చేసిన సోలా టోపీ: ఒక వేసవి వాడకం తరువాత

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఈ టోపీని వేసవి అంతా పొలం పనుల్లో వాడాను. వస్తువు బాగుంది కానీ, పెట్టెలో పెట్టిన చీటీలోని చరిత్రను మాత్రం సవరించాలి. ఎండను ఆపుతుంది కనుక దీనికి ‘సోలార్ టోపీ’ అని పేరు వచ్చిందని అందులో రాశారు. ఇంగ్లీషువారిలోనే చాలామంది అలా పొరబడ్డారు. నిజానికి ఆ పేరు సూర్యుడిది కాదు, బెంగాల్ చిత్తడి నేలల్లో పెరిగే షోలా అనే మొక్కది. మనం జీలుగు బెండు అనేదీ, గాలానికి కట్టేదీ ఆ జాతి తేలికైన బెండే.

1840ల నాటికే మన దేశంలోని బ్రిటిష్ సైనికుల తలలపైకి చేరిన ఈ టోపీ, 1857 తిరుగుబాటు తరువాత విరివిగా వాడుకలోకి వచ్చింది. మొదట తెల్లగా ఉండేది. ఆ తెలుపు శత్రువుకు దూరం నుంచే గురి అవుతోందని, 1879లో దక్షిణాఫ్రికాలోని జూలూ తెగవారితో జరిగిన యుద్ధంలో సైనికులు టీ డికాక్షన్‌తో దానికి మట్టిరంగు అద్దుకున్నారు. తెల్లవారి తల ఉష్ణదేశపు ఎండకు తట్టుకోలేదన్న నమ్మకం రెండో ప్రపంచ యుద్ధకాలంలో సడలిపోయింది. 1948లో బ్రిటిష్ సైన్యం దీనిని సాధారణ వాడకం నుంచి తొలగించింది. వియత్నాంలో మాత్రం దీని ఆకుపచ్చ రూపం సైనికుల గుర్తుగానే మిగిలింది.

నా టోపీలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది లోపలి తోలు పట్టీ. అది టోపీ గోడకు అంటుకోకుండా, మధ్యమధ్య చిన్న ముక్కల ఆసరాతో వేలెడు ఎడంగా నిలుస్తుంది. ఆ సందులోంచి పైకి ఎక్కిన వేడిగాలి నడినెత్తిన ఉన్న గుండీ కింది రంధ్రం గుండా బయటికి పోతుంది. మిట్టమధ్యాహ్నం గంటసేపు గట్టు మీద నిలబడినా నెత్తి ఉడికిపోలేదు. అంచు కింద కుట్టిన ఆకుపచ్చ గుడ్డ వల్ల నేల మీది తళుకు కంటికి తగలదు.

లోపం వానలో బయటపడింది. ఒక్క జల్లుకే అంచు దగ్గర గుడ్డ జిగురు వదిలి, కాగితాల్లా ఒకదానిపై ఒకటి అతికించిన బెండు పొరలు కనిపించాయి. బెండు నీరు పీల్చుకుంటుంది; అందుకే సైన్యానికి తరువాత చేసిన వోల్‌స్లీ అనే రకం టోపీలలో బెరడుతో చేసిన కార్కు వాడారు. ఈ సంగతి అమ్మకందారు ముందే చెప్పి ఉండవలసింది. వానలో తిరిగే పని ఉన్నవారు కార్కుదే అడిగి తీసుకోండి. ఎండ కోసమే అయితే బెండుదే తేలిక, చల్లన.