ట్రాన్స్ మహిళపై లైంగిక దాడి జరిగితే ఏ సెక్షన్ కింద కేసు మేలు?

ఇలాంటి ఫిర్యాదు రాగానే ఎవరికైనా ముందు తట్టేది 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం. అందులోని 18వ సెక్షన్ లైంగిక హింసను నేరమే అంటుంది. శిక్ష మాత్రం 6 నెలల నుంచి 2 ఏళ్లు. భారతీయ న్యాయ సంహిత 64వ సెక్షన్ కింద అత్యాచారానికి కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. ఒకే దాడికి ఇంత తేడా పచ్చి అన్యాయం.

చిక్కు శిక్షతో ఆగదు. ప్రత్యేక చట్టంలో వేరుగా చెప్పకపోతే, 3 ఏళ్లలోపు శిక్ష ఉన్న నేరం నాన్-కాగ్నిజబుల్ (పోలీసులు సొంతంగా దర్యాప్తు చేయలేనిది), బెయిలబుల్ (బెయిల్ హక్కుగా దొరికేది). 18వ సెక్షన్ ఒక్కటే రాస్తే మేజిస్ట్రేట్ అనుమతి వచ్చేదాకా దర్యాప్తు మొదలవదు. ఈలోగా సాక్ష్యాలు చెరిగిపోతాయి.

64తో ఇబ్బంది వేరు. 63వ సెక్షన్ నిర్వచనంలో నిందితుడు పురుషుడు, బాధితురాలు స్త్రీ. 'మీరు స్త్రీ కాదు కదా' అని స్టేషన్‌లో అడ్డుకోవచ్చు. అప్పుడు లింగ గుర్తింపును వ్యక్తి హక్కుగా చెప్పిన 2014 నాటి సుప్రీంకోర్టు నాల్సా తీర్పు చూపాలి. దానితోపాటు 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చినది కూడా. అది 498ఏ కేసు, అంటే భర్త, అత్తింటివారి వేధింపుల కేసు. నిర్దిష్ట ఆరోపణలు లేవని ఆ కేసు కొట్టేసినా, ట్రాన్స్ మహిళను స్త్రీ కాదనలేమని కోర్టు స్పష్టంగా చెప్పింది. అత్యాచారంపై నేరుగా వచ్చిన తీర్పు కాదు గానీ, వాదనకు గట్టి ఊతం.

కాబట్టి 64నే ముందు అడగాలి, 18ని పక్కన చేర్చాలి. 64 రాయమంటే మొండికేసినా, జరిగింది జరిగినట్టు రాసిస్తే మిగతా సెక్షన్లు అందులోంచే వస్తాయి: గదిలో బంధిస్తే 127, లైంగిక దాడికి ఎత్తుకెళ్తే 140(4), ఎముక విరిగితే 117, బెదిరించి డబ్బు గుంజితే 308. వీటిలో ఒక్క కాగ్నిజబుల్ నేరమున్నా నేర విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 174(4) ప్రకారం కేసు మొత్తం కాగ్నిజబులే.

బాధితుల వయసు 18 ఏళ్లలోపైతే ఈ తర్జనభర్జనే అక్కర్లేదు, పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో అన్ని లింగాలవారికీ వర్తిస్తుంది. వయోజన పురుషుడి పరిస్థితే మరీ దారుణం. 2024 జూలై 1న పాత ఐపీసీతోపాటు అందులోని 377 (అసహజ లైంగిక చర్యల సెక్షన్) పోయాక అతనికి అత్యాచారపు సెక్షనే లేదు. పైన చెప్పిన దెబ్బలు, నిర్బంధం, అపహరణ సెక్షన్లే దిక్కు.

దాడి ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. తీసుకోకపోతే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపి రసీదు దాచాలి. అప్పటికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాలి. ఎఫ్‌ఐఆర్ కోసం ఆసుపత్రిని మాత్రం ఆపొద్దు. హెచ్ఐవీ నివారణ మందు దాడి జరిగిన 72 గంటల్లోపే మొదలవ్వాలి, 28 రోజులు వాడాలి. ఒంటిమీది బట్టలు ఉతకకుండా, ప్లాస్టిక్ కవర్లో కాకుండా కాగితంలో చుట్టి ఇవ్వాలి. తడి చేరితే ఆనవాళ్లు పాడవుతాయి.