ట్రీ డేటానా, మాస్టర్ డీటెయిలా: ఏజీ గ్రిడ్‌లో ఏది మేలు?

వెబ్ పేజీలో పట్టికలు చూపే జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఏజీ గ్రిడ్. అందులో బాణం గుర్తు నొక్కితే లోపలి వరుసలు తెరుచుకోవాలి. ఆ పని ట్రీ డేటా (వరుసల కింద వరుసలు, అన్నీ ఒకే పట్టికలో), మాస్టర్ డీటెయిల్ (ఒక్కో వరుస కింద వేరే పట్టిక) రెండూ చేస్తాయి. రెండిటికీ ఎంటర్‌ప్రైజ్ లైసెన్సు కావాలి కాబట్టి ఖర్చులో తేడా వెతకక్కర్లేదు. పైవరుసకీ లోపలి వరుసకీ కాలమ్‌లు ఒకటే అయితే ట్రీ, వేరైతే మాస్టర్ డీటెయిల్ అని అందరూ చెప్పేదే. అది కొంతవరకే పనికొస్తుంది. ముందు తేల్చుకోవాల్సింది, యూజర్ లోపలి వరుసల్లో వెతుకుతాడా లేదా అని.

ఆర్డర్ల జాబితానే తీసుకోండి. పైన ఆర్డర్ నంబరు, కస్టమర్, మొత్తం. లోపల సరుకు, ఎన్ని, రేటు. కాలమ్‌లు వేరు కదా అని మాస్టర్ డీటెయిల్ పెడతాం. అకౌంట్స్ వాళ్లు సెర్చ్‌లో ‘సిమెంట్’ అని కొడితే ఒక్క ఆర్డరూ రాదు. ప్రతి డీటెయిలూ వేరే గ్రిడ్; బాణం నొక్కేదాకా అది పుట్టనే పుట్టదు, పై ఫిల్టర్‌కి అందులోకి చూపు లేదు. సరుకులు ఆర్డర్‌తో పాటే వస్తుంటే, వాటి పేర్లన్నీ కలిపి ఇచ్చే వాల్యూగెట్టర్‌తో ఒక దాచిన కాలమ్ పెట్టి, ఇంక్లూడ్‌హిడెన్‌కాలమ్స్‌ఇన్‌క్విక్‌ఫిల్టర్‌ని ట్రూ చేయొచ్చు. అప్పుడు ఆర్డర్ దొరుకుతుంది. తెరిస్తే మాత్రం సరుకులన్నీ కనిపిస్తాయి, సిమెంట్ ఎక్కడుందో కళ్లతో వెతుక్కోవాలి. ఎక్సెల్‌కి ఎగుమతి చేసినా ఇదే గోల: గెట్‌కస్టమ్‌కంటెంట్‌బిలోరో ఫంక్షన్ రాస్తే తప్ప లోపలి వరుసలు ఫైల్లోకి రావు.

ట్రీలో అన్నీ ఒకే గ్రిడ్ వరుసలు. లోపలి వరుస ఫిల్టర్‌కి సరిపోతే పైవరుసలు కూడా నిలబడతాయి. పైవరుస సరిపోతే దాని కిందివన్నీ వచ్చేస్తాయి. వద్దనుకుంటే ఎక్స్‌క్లూడ్‌చిల్డ్రన్‌వెన్‌ట్రీడేటాఫిల్టరింగ్ ట్రూ చేయండి. అందుకే కాలమ్‌లు వేరవడం వల్ల రెండు మూడు గడులు ఖాళీగా మిగిలినా నా ఓటు ట్రీకే.

తిప్పలు లేకపోలేదు. జిల్లా, మండలం, గ్రామం చూపేటప్పుడు, వరుస ట్రీలో ఎక్కడుందో దారి చెప్పే గెట్‌డేటాపాత్‌లో పేర్లు ఇవ్వకండి. ఒకే మండలంలో ఒకే పేరుతో రెండు గ్రామాలుంటే దారులు ఢీకొంటాయి. కోడ్‌లు ఇచ్చి, ట్రీ కాలమ్ సెట్టింగైన ఆటోగ్రూప్‌కాలమ్‌డెఫ్‌లో ఫీల్డ్‌గా పేరు పెట్టండి. మండలానికి సొంత వరుస పంపకపోతే గ్రిడ్ తనే ఒకటి కల్పిస్తుంది, కానీ కాలమ్‌కి అగ్‌ఫంక్ (కింది అంకెల్ని మొత్తం చేయడం లాంటి లెక్క) లేకపోతే అక్కడ అంకె ఉండదు.

లోపల చార్టో ఫారమో పెట్టాలన్నా, ఎవరూ వెతకని వివరాలు చూపాలన్నా మాస్టర్ డీటెయిలే సుఖం. సర్వర్ నుంచి డేటా తెచ్చే ఏపీఐ విఫలమైనా, లోపలి వరుసలు అందించే గెట్‌డీటెయిల్‌రోడేటాలో సక్సెస్‌కాల్‌బ్యాక్‌ని ఖాళీ అర్రేతోనైనా పిలవాలి, లేదంటే లోడింగ్ ఆగదు. డీటెయిల్‌రోఆటోహైట్ పెడితే లోపలి వరుసలన్నీ ఒకేసారి డామ్‌లోకి (బ్రౌజర్ గీసే పేజీలోకి) ఎక్కుతాయి. వందల్లో ఉంటే డీటెయిల్‌రోహైట్‌తో ఎత్తు కట్టేయండి. మూసేసిన డీటెయిల్ చెరిగిపోయి, తిరిగి తెరిచినప్పుడు మళ్లీ కొత్తగా పుడుతుంది. అందులో పెట్టిన ఫిల్టర్ నిలవాలంటే కీప్‌డీటెయిల్‌రోస్ ట్రూ చేయండి. అది మామూలుగా పదింటినే దాస్తుంది.

ఏది ఎంచుకున్నా, ప్రతి వరుసకీ ఒక గుర్తింపు ఇచ్చే గెట్‌రోఐడీ పెట్టండి. లేకపోతే డేటా రిఫ్రెష్ అయిన ప్రతిసారీ తెరిచినవన్నీ మూసుకుపోతాయి.

ఏజీ గ్రిడ్‌లోనే ఉన్న రో గ్రూపింగ్ మాత్రం చదునైన డేటాని కాలమ్ విలువల వారీగా గుంపు చేయడానికే. లైసెన్సు వద్దంటే ట్యాన్‌స్టాక్ టేబుల్ అనే మరో లైబ్రరీ ఉంది, లోపలి వరుసలు ఇచ్చే గెట్‌సబ్‌రోస్‌తో పని జరుగుతుంది, తెర మీది రూపం మాత్రం మీరే కట్టుకోవాలి. అందులో పాజినేట్‌ఎక్స్‌పాండెడ్‌రోస్‌ని ఫాల్స్ చేయకపోతే తెరిచిన వరుసలు కొన్ని తర్వాతి పేజీకి జారిపోతాయి.